బానెట్ మీద చెయ్యి

పాత బళ్ళు చూసి మంచీచెడూ చెప్పే పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఈ మధ్య అమీర్‌పేటలో ఎక్కడ చూసినా కనబడుతున్నారు. మెడలో కార్డు, చేతిలో టాబ్, వీపున సంచి. మెట్రో స్తంభాల పక్కన బండి ఆపుకుని చుట్టూ తిరుగుతూ టిక్కులు పెట్టుకుంటారు. మొన్న ఒకతన్ని ఆపి అడిగితే, "రెండొందల పాయింట్లు చెక్ చేస్తాం అంకుల్" అన్నాడు. సంతోషం నాయనా. నేను ఆ పనే పదిహేనేళ్ళు చేశాను. నా దగ్గర ఉన్నవి ఏడెనిమిది పాయింట్లు, అంతే. వాటిలో మొదటిది అరచెయ్యి. ఆ అరచెయ్యి నన్ను ఎక్కడ ముంచిందో చెబుతాను వినండి. మీ రెండొందల్లో ఇది ఉండదు.

మాది గుడివాడ దగ్గర పల్లె. కుర్రతనంలోనే ఊరొదిలి వచ్చి పంజాగుట్టలో ఒక పెద్ద కార్ల సర్వీసు సెంటర్లో చేరాను. అక్కడే ఇరవై రెండేళ్ళు పనిచేసి, ఇంజన్ల విభాగానికి ఫోర్‌మన్‌ని కూడా అయ్యాను. ఆ తర్వాత యజమానులు స్థలం అమ్మేసుకుని సెంటర్ మూసేశారు. చేతిలో ఉన్నది ఇంజన్ చప్పుడు వినే విద్య ఒక్కటే. పాత బండి కొనబోయేవాళ్ళు "ఒకసారి వచ్చి చూడండి" అని పిలవడం మొదలుపెట్టారు. అలా అదే బతుకుతెరువైంది.

నన్ను పిలిచేది ఎక్కువగా విదేశీ కంపెనీల ఫోర్ వీల్ డ్రైవ్ బళ్ళకే. ఏనుగును కొనడం తేలిక, మేపడమే కష్టం. కొత్తలో కొన్నవాడు దర్జాగా తిరిగి వదిలేస్తాడు. మూడో చేతివాడు మోజుపడి కొంటాడు, వాడి ఇల్లు గుల్లవుతుంది. అందుకే అలాంటి బండిని నమ్మొచ్చో లేదో తేల్చేటప్పుడు కనికరం పనికిరాదు అనేవాణ్ణి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడాలి. వరదలో మునిగిన బండైతే ఎంత కడిగినా ఆ చివర్లో మట్టి గీత ఉంటుంది. బానెట్ బోల్టుల మీద స్పానర్ గీతలున్నాయేమో చూడాలి, ఉంటే బండి ఎక్కడో గుద్దుకున్నట్టే. గేరు ఆయిల్ వాసన చూడాలి. అన్నిటికన్నా ముందు ఇంజన్ చల్లగా ఉండాలి.

ఇది బాగా గుర్తుపెట్టుకోండి. రాత్రంతా కదలకుండా ఉన్న ఇంజన్‌ని పొద్దున్నే మొదటిసారి తిప్పినప్పుడే దాని రోగాలన్నీ బయటపడతాయి. తెల్లపొగ, నీలిపొగ, లోపల చైన్ గలగల, అన్నీ మొదటి నిమిషంలోనే. ఒక అరగంట ముందు తిప్పి వేడెక్కించి పెడితే రోగాలు నక్కి కూర్చుంటాయి. అమ్మేవాడు చేసే మొట్టమొదటి మోసం అదే. అందుకని నేను ఎక్కడికి వెళ్ళినా ఎవరికీ నమస్కారం కూడా పెట్టకముందే బానెట్ మీద అరచెయ్యి ఆనించేవాణ్ణి. చల్లగా ఉంటేనే పని. వెచ్చగా ఉంటే ఒక్క మాట మాట్లాడకుండా వెనక్కి తిరగడమే. అమీర్‌పేట బ్రోకర్లు నాకు 'జ్వరం సార్' అని పేరు పెట్టారు. ఆ పేరు నాకు గర్వంగానే ఉండేది, దాచడం ఎందుకు?

వేడి ఎందుకుంది అని మాత్రం అడిగేవాణ్ణి కాదు. తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట ఒకడు. అడిగితే అలాంటి కథలే వస్తాయి. పనిలోకి దిగిన కొత్తలో ఒకసారి అడిగాను. "ఇప్పుడే డీజిల్ కొట్టించుకొచ్చా సార్" అన్నాడు అమ్మేవాడు. నమ్మి, బాగుందని చెప్పాను. కొన్నది ఎర్రగడ్డ మార్కెట్ రోడ్డులో ఉల్లిపాయల వ్యాపారి. కూతురి పెళ్ళికి బంధువుల్ని ఎక్కించుకుని వెళుతుంటే వారం తిరక్కుండా ఇంజన్ పట్టేసింది. ఆయన వచ్చి నా గుమ్మంలో నిలబడ్డాడు. తిట్టలేదు. "మీరు చెప్పారని కొన్నానండీ" అన్నాడు, అంతే. పాలు తాగి మూతి కాల్చుకున్నవాడు మజ్జిగ కూడా ఊదుకుని తాగుతాడు. ఆ రోజు నుంచి నేను సంజాయిషీలు వినడం మానేశాను. బండి చూసే పొద్దున ఫోను కూడా ఆపేసేవాణ్ణి. అటూ ఇటూ మనుషులు ఫోను చేసి మెల్లగా చెవిలో వేస్తారు కదా, అందుకని.

ఇక అసలు మనిషి సంగతికొస్తాను.

సర్వీసు సెంటర్లో నాతోపాటు ఒక ఎలక్ట్రీషియన్ ఉండేవాడు. ఇక్కడివాడే, యెల్లారెడ్డిగూడలో పుట్టి పెరిగాడు. నాకన్నా ఆరేళ్ళు చిన్న. ఇంజన్ నాది, వైర్లు వాడివి. ఇరవై రెండేళ్ళు ఒకే బానెట్ కింద తలలు పెట్టి పనిచేశాం. నేను అరిస్తే వాడు నవ్వేవాడు. "ఇంజన్‌కి జెర్ర ఆయిల్ వోసినట్టు నీకు సుత జెర్ర వొయ్యాలె అన్నా" అనేవాడు. సెంటర్ మూతబడ్డాక వాడు అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో పాత కార్ల కన్సల్టెన్సీ పెట్టాడు. ఒక షెడ్డు, ముందు ఖాళీ స్థలం, పక్కనే వాడి ఇల్లు.

వాడు అమ్మేవాడు, నేను చూసేవాణ్ణి. అందుకే మొదటి రోజే ఒక ఒప్పందం చేసుకున్నాం. వాడి బళ్ళు నేను చూడను, చూడమని వాడు అడగడు. ఆ ఒప్పందం పుణ్యమా అని మా సాయంత్రాలు చెడకుండా మిగిలాయి. రోజూ నాలుగింటికి పంజాగుట్ట చౌరస్తా దగ్గర ఇరానీ హోటల్లో ఒక వన్ బై టూ చాయ్. ఒక చాయ్‌ని రెండు కప్పుల్లో పోసి ఇస్తారు. డబ్బుకి కాదు, ఇద్దరికీ షుగరు.

నా భార్య పోయాక ఆ నాలుగు గంటల చాయే నాకు దిక్కయింది. పిల్లలు లేరు. ఇంట్లో మాట్లాడేది టీవీ ఒక్కటే. శుక్రవారం శుక్రవారం వాడి భార్య నాకోసం డబ్బా పంపేది. ఒకసారి సర్వపిండి, ఒకసారి టమాటా పచ్చడి. "అన్న ఒక్కడే ఏం వండుకుంటడు, నువ్వు పట్కపో" అందట. నేనెప్పుడైనా వాళ్ళింటికి వెళితే ఆమె కుర్చీ తుడిచి మరీ వేసేది. తోడబుట్టిన ఆడపిల్ల లేదు నాకు. ఆమె "అన్నా" అంటే ఆ లోటు తీరినట్టు ఉండేది.

మెట్రో రైలు కొత్తగా తిరుగుతున్న రోజులవి. ఆ ఏడు వానలకి ఊళ్ళో చాలా కార్లు మునిగాయి. వాడి దుకాణంలో ఒక భాగస్వామి ఉండేవాడు. ఆ భాగస్వామి మునిగిన బండినొకదాన్ని పైపైన కడిగించి, మావాడికి తెలియకుండా అమ్మి, ఊరొదిలి పోయాడు. నింద మావాడి నెత్తిన పడింది. నిప్పు లేనిదే పొగ రాదంటారు చూడండి, అమీర్‌పేటలో అందరూ అదే అన్నారు. మూడు నెలలపాటు వాడి షెడ్డు వైపు ఒక్క పార్టీ కూడా తొంగిచూడలేదు.

ఒక శనివారం సాయంత్రం చాయ్ సగం తాగి కప్పు కింద పెట్టాడు.

"అన్నా, ఒక మాట అడుగుత. తిట్టద్దు."

"అడుగు."

"శ్రీనగర్ కాలనీ అమ్మ బండి ఉన్నది గదా..."

ఆ బండి నాకు తెలుసు. కాకినాడ నుంచి వచ్చి స్థిరపడిన ఒక కాంట్రాక్టరు గారిది. నల్లటి పెద్ద ఫోర్ వీల్ డ్రైవ్. ఆయన పోయాక ఆయన భార్య దాన్ని అమ్మిపెట్టమని మావాడికి అప్పగించింది. ఎనిమిదేళ్ళుగా దానికి వాడే వైద్యుడు. సొంత బిడ్డలా చూసుకున్నాడు.

"కృష్ణానగర్ నుంచి ఒక పార్టీ వచ్చిండు. షూటింగులకు బండ్లు కిరాయికిస్తడు. బండి మస్తు నచ్చింది. నా దుకాణం పేరు ఇని ఎన్కకు జరుగుతుండు. జ్వరం సార్ చూసి చెప్తే తీస్కుంట అంటుండు."

"మన ఒప్పందం?"

"యాదికున్నది. నేనే తెంపుతున్న. నా దిక్కు మాట్లాడమంటలేను అన్నా. ఖరాబుంటే ఖరాబనే చెప్పు, నలుగురి ముంగట చెప్పు. మంచిగుంటే గది సుత నలుగురి ముంగటనే చెప్పు. గంతే. నేను దొంగను కాదని ఒక్కసారి ఎవలన్న అనాలె గదా."

వాడి గొంతు అలా వినడం నాకదే మొదటిసారి. సరే అన్నాను. సోమవారం పొద్దున్న ఏడింటికి అనుకున్నాం. "ఇంజన్ చల్లగా ఉండాలి" అన్నాను, అలవాటు కొద్దీ. వాడు నవ్వాడు. "నాకు చెప్తున్నవా?"

ఆదివారమంతా నా బుర్రలో ఒకటే నలిగింది. బాగుందని చెబితే దోస్తుకోసం చెప్పాడంటారు. పదిహేనేళ్ళ పేరు గంగలో కలుస్తుంది. కాబట్టి పరాయివాడి బండికన్నా గట్టిగా చూడాలి, ఒక్క వంక దొరికినా వదలకూడదు అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే నేను బండిని చూడ్డానికి కాదు, నా నిజాయితీని చూపించుకోడానికి వెళ్ళాను. ఈ తేడా ఆ రోజు తెలియలేదు.

సోమవారం పొద్దున్న సందులోకి తిరిగేసరికి కృష్ణానగర్ పెద్దమనిషి అప్పటికే వచ్చి ఉన్నాడు. చుట్టుపక్కల దుకాణాల బ్రోకర్లు నలుగురైదుగురు తమాషా చూడ్డానికి చేరారు. నల్లబండి సందుకి అడ్డంగా, వంకరగా ఆపి ఉంది. దాని పక్కనే మావాడు.

నేను నేరుగా వెళ్ళి బానెట్ మీద చెయ్యి పెట్టాను.

కాలింది.

గోరువెచ్చగా కూడా కాదు, చురుక్కుమంది. చెయ్యి తీసి వాడి ముఖం చూశాను. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. దువ్వుకోలేదు. ఒక కాలికి తోలు చెప్పు, ఇంకో కాలికి ఇంట్లో వేసుకునే రబ్బరు చెప్పు. అద్దంలోంచి చూస్తే ముందు సీటు మంచంలా పూర్తిగా వెనక్కి వాల్చి ఉంది. బోల్టు మీద వెంట్రుకంత గీతని పట్టుకునే కళ్ళండీ నావి. అన్నీ కనబడ్డాయి. బండి సరిగ్గా స్టార్టవక పొద్దున్నే ఆదరాబాదరాగా తిప్పి తెచ్చాడు అని అర్థం చేసుకున్నాను.

"అన్నా, జెర్ర ఇను..." అన్నాడు.

నేను చెయ్యెత్తాను. "చెప్పొద్దు. నా పద్ధతి నీకు తెలుసు."

"పద్ధతి కాదన్నా, ఒక్క నిమిషం..."

"ఇరవై రెండేళ్ళు నాతో పనిచేసి నాకే ఈ పని చేస్తావా?"

కృష్ణానగర్ ఆయన కంగారుగా దగ్గరికొచ్చాడు. "ఏంటి సార్? ఏమైంది?"

"ఈ బండి నేను చూడను. చూడకుండానే చెబుతున్నాను, వద్దు. వెళ్ళిపోండి."

వెనకనుంచి ఒక బ్రోకరు కిసుక్కున నవ్వాడు. మావాడు నావైపు ఒక్క క్షణం చూశాడు. "నువ్వు సుత గట్లనే అనుకుంటివా" అన్నాడు. 'అన్నా' అని చివర పెట్టలేదు. బండెక్కి, టైర్లు అరిచేలా వెనక్కి తిప్పి వెళ్ళిపోయాడు. "చూసిండ్రా, ఎట్ల ఉరికిండో!" అన్నాడు ఆ నవ్వినవాడే. ఇంకొకడు నా భుజం తట్టాడు. "సార్ అంటే సారే. దోస్తు గీస్తు ఏం లేదు." ఆ మాటకి నాకు ఎంత ఉబ్బుగా ఉందో చెబితే మీరు నన్ను అసహ్యించుకుంటారు. సత్యానికి నిలబడ్డవాడిలా చౌరస్తాదాకా ఛాతీ విరుచుకుని నడిచాను.

మధ్యాహ్నం ఫోను ఆన్ చేస్తే వాడి దగ్గర్నుంచి నాలుగు మిస్డ్ కాల్స్, అన్నీ ఏడింటికి ముందువే. బతిమాలుకోడానికి చేసుంటాడులే అనుకున్నాను. తిరిగి చెయ్యలేదు.

నాలుగింటికి మాత్రం కాళ్ళు ఇరానీ హోటల్‌కే వెళ్ళాయి. వాడు వచ్చి క్షమాపణ అడుగుతాడు, నేను కాసేపు బెట్టుచేసి, నాలుగు చివాట్లు పెట్టి వదిలేస్తాను అని లెక్కవేసుకున్నాను. ఐదయింది. ఆరయింది. రోజూ చూసే వెయిటరు "ఏం సార్, దోస్త్ రాలే?" అని అడిగాడు. వన్ బై టూ అలవాటైనవాడికి నిండు కప్పు సగం దాటాక తాగబుద్ధి కాదు. అలాగే వదిలేసి వచ్చాను. మంగళవారం, బుధవారం కూడా అంతే.

గురువారం పొద్దున్న శ్రీనగర్ కాలనీ అమ్మగారు ఫోను చేశారు. గొంతు మెత్తగానే ఉంది.

"ఏవండీ, ఆ భార్యాభర్తలకి మీరు బాగా కావలసినవారట కదా. ఆవిడకెలా ఉందో తెలుసా అని చేశానండీ. నిన్న హాస్పిటల్‌కి వెళితే లోపలికి పంపలేదు."

"ఎవరికండీ?"

"మీకు తెలీదా? సోమవారం తెల్లారుజామున ఆయన భార్యకి చెయ్యీ కాలూ పడిపోయాయండి. అంబులెన్సు ఎంతకీ రాలేదట. ఇంటిముందు మా బండి తప్ప ఏమీ లేదు. ముందు సీటు వాల్చి అందులోనే పడుకోబెట్టి తీసుకెళ్ళాడు. తర్వాత నాకు ఫోను చేసి, అడక్కుండా బండి తీశానమ్మా క్షమించు అంటాడు. ఆ టైములో ఎవరైనా అలా అంటారా చెప్పండి? ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్ళగానే, మీరు ఏడింటికి వస్తారని చెప్పి మళ్ళీ పరిగెత్తుకొచ్చాడటగా. ఇవాళ కుదరదు, రేపు చూడమని మీతో చెప్పడానికి. మీరు కలవలేదా?"

కలిశానండీ అన్నాను. ఫోను పెట్టేశాక చాలాసేపు నా కుడి అరచేతిని చూసుకుంటూ కూర్చున్నాను. వాల్చిన సీటు, వేరువేరు చెప్పులు, ఎర్రటి కళ్ళు, నాలుగు మిస్డ్ కాల్స్. అన్నీ నేను చూసినవే. పళ్ళెంలో వడ్డించినట్టు కళ్ళముందు పెట్టాడు దేవుడు, ఒక్కటంటే ఒక్కటి చదవలేకపోయాను. ఛీ, ఏం చూపు నాది!

ఆ మధ్యాహ్నమే బేగంపేటలో ఆ ఆస్పత్రికి వెళ్ళాను. మూడో అంతస్తు వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఇన్నేళ్ళ స్నేహంలో నన్ను చూసి వాడు ఏనాడూ లేచి నిలబడలేదు.

"రాండ్రి సార్. కూసోండ్రి" అన్నాడు.

సార్ అన్నాడు. వాడి నోటి 'అన్నా'తో, 'నువ్వు'తో బతికిన నాకు ఆ మాట చెంప మీద కొట్టినట్టయింది. కొట్టినా బాగుండేది. "ఎలా ఉందిరా?" అన్నాను. "పానానికి ఫికర్ లేదన్నరు సార్. కుడిదిక్కు లేస్తలేదు. మాట సుత పోయింది" అన్నాడు. కిందికి వెళ్ళి క్యాంటీన్ నుంచి చాయ్ తెచ్చి నా చేతికిచ్చాడు. నిండు కప్పు, ఒక్కటే. "నువ్వు తాగవా?" అంటే, "మీరు తాగుండ్రి సార్, నేను తాగిన" అన్నాడు. తప్పయిపోయిందిరా అన్నాను. "మీ పద్ధతి మీది సార్. నాకెరకనే గదా" అన్నాడు. వెటకారం లేదు, కోపం లేదు. కోపముంటే ఎక్కడో ఒకచోట పట్టుకుని లాగేవాణ్ణి. పట్టుకోడానికి ఏమీ మిగల్చలేదు.

తర్వాత నేను చెయ్యగలిగింది చేశాను అనుకున్నాను. అప్పటికి బండి అమ్మగారింటికి చేరింది. అక్కడికి వెళ్ళి, దాన్ని ఒక రాత్రంతా కదపకుండా ఉంచమని, పొద్దున్నే చూశాను. చెయ్యి పెడితే చల్లగా ఉంది. తాళం తిప్పగానే ఒక్క చిటికెలో అందుకుంది, పొగ లేదు, చప్పుడు లేదు. ఆ రకం బళ్ళు స్ప్రింగులకి బదులు గాలి సంచుల మీద నిలబడతాయి. అవి పాతబడితే రాత్రికి రాత్రి ఒక పక్కకి కుంగుతాయి. ముందురోజు టేపుతో కొలిచిన కొలతకీ పొద్దుటి కొలతకీ నూలుపోగంత తేడా లేదు. సీటు బెల్టులన్నీ చివరిదాకా లాగాను. మట్టి గీత కాదుకదా, మరక కూడా లేదు. అలాంటి బండ్లలో కొండలెక్కడానికి వేరే గేరు ఒకటుంటుంది, ఎవరూ వాడక అది తుప్పుపట్టి బిగుసుకుపోతుంది. మావాడు నెలకోసారి దాన్ని వేసి తిప్పినట్టున్నాడు, వెన్నలా పడింది. ప్రతి వైరు కొనకీ వాడి చేతి ముడి ఉంది. అంత మంచి పాత బండిని నేను నా సర్వీసులో ఇంకొకటి చూడలేదు.

కృష్ణానగర్ ఆయనకి ఫోను చేసి, "పొరపాటు పడ్డాను, కళ్ళు మూసుకుని కొనుక్కోండి" అన్నాను. కొన్నాడు. బాగానే ఉంది. కానీ ఆ సందులోకి వెళ్ళి, ఆ నవ్విన బ్రోకరు ముందు నిలబడి, "తప్పు నాది, అతను దొంగ కాదు" అని చెప్పానా? లేదు. రేపు వెళదాం, ఎల్లుండి వెళదాం అనుకున్నాను. నా పేరు ఏమవుతుందో అని జంకాను. తప్పు నలుగురిలో చేసి, దిద్దుబాటు ఒకడి చెవిలో చేశాను. వాడు నన్ను అడిగిందేమిటి? నలుగురి ముంగట చెప్పమన్నాడు, అంతే కదా. రెండు నెలలు తిరక్కుండా షెడ్డు ఖాళీ చేసి, భార్యని తీసుకుని సిద్దిపేటలో బావమరిది దగ్గరికి వెళ్ళిపోయాడు. అప్పుడు వెళ్ళి చెప్పాను ఆ సందులో. "గిప్పుడు ఎందుకు సార్ గవన్నీ" అన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది.

ఆ తర్వాత ఒక ఏడాది ఎలాగో పని నడిపి మానేశాను. ఎవరి బానెట్ మీద చెయ్యి పెట్టినా తడబాటే. ఇప్పుడు ఆదివారం ఎర్రగడ్డ రైతుబజారుకి మెట్రోలో వెళ్ళి వారానికి సరిపడా కూరగాయలు తెచ్చుకుంటాను. నాలుగింటికి ఇరానీ హోటల్లో కూర్చుంటాను. ఆ వెయిటరు మానేశాడు, కొత్తవాళ్ళకి నేనెవరో తెలియదు. ఉగాదికి ఒకసారి, దసరాకి ఒకసారి సిద్దిపేటకి ఫోను చేస్తాను. "మంచిగున్నరా సార్? పానం జాగ్రత్త సార్" అంటాడు. రెండు నిమిషాలు దాటదు.

పోయిన నెల హోటల్లోంచి బయటికొస్తుంటే రోడ్డు పక్కన ఆ నల్లబండి. అద్దం మీద షూటింగు కాగితం అతికించి ఉంది. ఎక్కడైనా గుర్తుపడతాను దాన్ని. దగ్గరికెళ్ళి బానెట్ మీద చెయ్యి పెట్టాను. కాలుతోంది. డ్రైవరు కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. "ఏంటి సార్?"

పదిహేనేళ్ళ సర్వీసులో ఒకే ఒక్కసారి అడిగి, మళ్ళీ జన్మలో అడగనని ఒట్టేసుకున్న మాట అడిగాను. "ఎక్కడ్నించి వస్తున్నావు బాబూ?"

ఎవరో పలకరించారని అతనికి సంతోషమైంది. తెల్లారుజామునే లేచి వికారాబాదు అడవిలో షూటింగుకి వెళ్ళడం, బురదలో దిగబడిన జనరేటరు వ్యానుని ఈ బండే లాగడం, అన్నీ చెప్పాడు. నిలబడి అంతా విన్నాను. నాలుగు లక్షల కిలోమీటర్లు దాటిందట. ఇంజన్ ఇంతవరకు విప్పలేదట.

అతను వెళ్ళాక అక్కడే మెట్రో స్తంభానికి ఆనుకుని సిద్దిపేటకి ఫోను చేశాను. పండగ కాదు కదా, వాడు కంగారుపడ్డాడు. "ఏమైంది సార్? మంచిగున్నరా?"

"ఆ బండి కనబడింది. శ్రీనగర్ కాలనీ అమ్మగారిది."

"నడుస్తున్నదా ఇంకా?"

"నాలుగు లక్షలు దాటింది. ఇంజన్ విప్పలేదట."

"ఇప్పరు సార్. గది మంచి బండి."

"ఆ రోజు..." అన్నాను. "ఆ రోజు బానెట్ ఎందుకు వేడిగా ఉంది?"

"గిప్పుడా సార్ అడిగేది? మీకెరకనే గదా."

"అమ్మగారు చెప్పారు. నువ్వు చెప్పలేదు. చెప్పు, వింటాను."

మొదలుపెట్టాడు. ఆమె వంటింట్లో ఎలా పడింది, తను ఎలా ఎత్తుకున్నాడు, ఒక కాలికి ఏ చెప్పు వేసుకున్నాడో తెలియకుండా ఎలా బండెక్కాడు, అన్నీ. నేను ఎక్కడా అడ్డు రాలేదు. పైన రెండు రైళ్ళు వెళ్ళిపోయాయి.

"లోపటికి తీస్కపోయేటప్పుడు నేను ఆమె చెయ్యి ఇడుస్తలేను సార్. అప్పటికింకా మాట ఉండె. ముద్దముద్దగనే అన్నది. నువ్వు పో, ఏడైతున్నది, అన్న వచ్చి నిలబడ్తడు అన్నది. ఫోన్ కలుస్తలేదు, బండి గరమున్నది, అన్న ఏమనుకుంటడో అంటి నేను. అన్న ఏమనుకోడు, నువ్వు చెప్తే ఇంటడు అన్నది."

నేను ఫోనుని చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాను.

"గంతే సార్" అన్నాడు. "మందులేసే టైమైంది ఆమెకు. ఉంట సార్."